సురభికి సొంత జిల్లాలో ఒక్క రాత్రి కరువా?

తిరునాళ్ల దగ్గర పడుతున్నదంటే మన పల్లెల్లో రచ్చకట్ట మీద కమిటీ కూర్చుంటుంది. ఇంటికింత అని చందా కడతారు. బెంగుళూరులోనూ, కువైట్‌లోనూ పనిచేసే పిల్లలు తమ వంతు పంపిస్తారు. పూల పల్లకికి ఇంత, బాణసంచాకు ఇంత, బండలాగుడు పోటీల బహుమతులకు ఇంత, అన్నదానానికి ఇంత, దీపాల తోరణాలకు ఇంత, పాట కచేరీకి ఇంత అని కాగితం మీద వరుసగా రాసుకుంటారు. ఆ కాగితంలో ఒకప్పుడు తప్పనిసరిగా వుండి, నేడు చాలా వూళ్లలో కనిపించకుండా పోయిన వరుస ఒకటి వుంది. అది "నాటకానికి" అనే వరుస.

వేరే జిల్లాలో ఇట్లా జరిగితే కాలం మారిందని సరిపెట్టుకోవచ్చు. కడప జిల్లాలో జరిగితే సరిపెట్టుకోవడానికి వీలు లేదు. తెలుగునాడంతా ఇంటిపేరు మాదిరి పలికే సురభి నాటకం పుట్టింది ఈ జిల్లాలోనే. చక్రాయపేట మండలంలో సురభి అనే చిన్న పల్లె వుంది. ఆ పల్లె పేరే ఆ నాటక సమాజాలకు పేరయింది. ఆ కళాకారుల పేర్ల ముందు ఇంటిపేరై నిలిచింది. పేరు మనది. పుట్టుక మనది. కానీ "నువ్వు సురభి నాటకం చూశావా?" అని నేడు మన బడిపిల్లవాణ్ణి అడిగితే ఎందరు "చూశాను" అంటారు? ఈ ప్రశ్నకు జవాబు మనందరికీ తెలుసు.

పెళ్లిపందిట్లో మొదలైన కథ

సురభి కథ తెలియని పిల్లల కోసం క్లుప్తంగా చెప్పుకోవాలి. ఆ పల్లెను పూర్వం సొరుగు అనేవారు. తరతరాల క్రితం మహారాష్ట్ర ప్రాంతం నుంచి వచ్చిన కుటుంబాలు కొన్ని రాయలసీమలో తోలుబొమ్మలు ఆడించుకుంటూ బతికేవి. వనారస వారు ఆ కుటుంబాలలో ఒకరు. 1885లో ఆ వూరిలో ఒక పెళ్లి జరిగింది. బొమ్మలాట ఎప్పుడూ చూసేదే కదా, ఈసారి మీరే వేషాలు కట్టి ఆడండి అని పెద్దలు అడిగారు. వనారస గోవిందరావు, ఆయన వారు బొమ్మలు పక్కన పెట్టి, తెరకు వెనక నుంచి తెరకు ముందుకు వచ్చారు. ఆ రాత్రి ఆడిన నాటకం "కీచక వధ". అదే సురభికి తొలి ఆట.

ఇది చిన్న సంగతి కాదు. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తన శిష్యుల చేత నాటకం ఆడించింది 1880లో. అంటే ఆధునిక తెలుగు నాటకం కళ్లు తెరిచిన ఐదేళ్లకే, అప్పటికి రైలు, కాలేజీ, టౌన్‌హాలు ఏవీ లేని మన మెట్ట పల్లెలో ఒక నాటక సమాజానికి పునాది పడింది. దానికి రాజుల పోషణ లేదు. జమీందారు కట్టించిన మేడ లేదు. అడిగింది పల్లె పెద్దలు. ఆడింది బొమ్మలాట కుటుంబం. చూసింది పెళ్లికి వచ్చిన రైతులు. సురభి నాటకశాలకు తొలి రాయి వేసింది మన తాతముత్తాతలే అని చెప్పుకోవడంలో తప్పులేదు.

మరొక విశేషం కూడా వుంది. తెలుగు రంగస్థలం మీద ఎన్నో ఏళ్లు ఆడవేషాలు మగవారే కట్టారు. స్థానం నరసింహారావు గారు స్త్రీ పాత్రలకే పేరుపొంది 1956లో పద్మశ్రీ అందుకున్న సంగతి అందరికీ తెలిసిందే. ఆడవాళ్లు స్టేజీ ఎక్కితే వెలి వేసినట్టు చూసే ఆ రోజుల్లో సురభి వారు తమ ఇంటి ఆడవాళ్లనే స్టేజీ ఎక్కించారు. తల్లి సీత, కూతురు చెలికత్తె, తండ్రి రావణుడు, మనవడు లవుడు. ఇంటిల్లిపాదీ నాటకమే. బొమ్మలాటలో ఆడబొమ్మకు గొంతు ఇచ్చి పాడినది ఆ ఇంటి ఆడవాళ్లే కనుక, వేషం కట్టడం వారికి కొత్త అనిపించలేదు.

ఆ సంగతి మెచ్చుకుంటూనే ఒక నిజం ఒప్పుకోవాలి. వాళ్ల పద్యానికి మనం వన్స్‌మోర్ కొట్టాం. అదే నోటితో ఆటకత్తెలు అని చిన్నచూపు మాటలూ అన్నాం. రాత్రి సీతమ్మకు దణ్ణం పెట్టి, తెల్లారి బావి దగ్గర అదే ఆడమనిషిని చూసి మూతి తిప్పుకున్న వూళ్లు లేకపోలేదు. ఆ చిన్నచూపును కూడా భరించి వాళ్లు ఆడారు.

పునాది లేని నాటకశాల

నాటకశాల అనగానే మనకు రాళ్లతో కట్టిన హాలు గుర్తుకు వస్తుంది. సురభి నాటకశాల అట్లాంటిది కాదు. దానికి పునాది వుండదు. వూరి బయట బీడులో గుంజలు పాతి, చుట్టూ రేకులు కట్టి, పైన కప్పు వేస్తే అదే నాటకశాల. ఆట ముగిసి క్యాంపు ఎత్తేస్తే గుంజల గుంతలు తప్ప ఏమీ మిగలదు. మొదట ఎద్దుబండ్ల మీద, ఆ తర్వాత రైళ్ల మీద, లారీల మీద ఆ నాటకశాల వూరూరా తిరిగింది. తెలుగు వారికి వున్న నాటకశాలలన్నిటిలో మన పల్లె గుమ్మం దాకా నడిచి వచ్చింది అదొక్కటే.

ముందు పెద్ద తెర. దాని వెనక ఒకదాని వెనక ఒకటి వీధి తెర, అడవి తెర, దర్బారు తెర. రెండు పక్కలా వింగులు. కింద హార్మోనియం, తబలా. డేరా వెనక భాగమే వాళ్ల కాపురం. అక్కడే పొయ్యి, అక్కడే ఉయ్యాల, అక్కడే కిరీటాలకు తళుకు కాగితం అంటించే పని. పగలు తెరకు రంగు వేసినవాడు రాత్రి అర్జునుడు. టిక్కెట్లు చింపినవాడు మూడో అంకంలో నారదుడు. పిల్లవాడు నడక నేర్చేసరికి బాలకృష్ణుడి వేషం సిద్ధంగా వుంటుంది. కొంచెం పెరిగితే ప్రహ్లాదుడు, లోహితాస్యుడు. అటుపైన వయసును బట్టి వేషం మారుతుంది కానీ స్టేజీ మారదు. ఇంట్లో మరాఠీ మాట్లాడుకునే పిల్లలు తెర లేచేసరికి అరసున్న తప్పకుండా తెలుగు పద్యం అందుకుంటారు. ఇది ఏ బడిలోనూ నేర్పని చదువు.

ఒక వూళ్లో దిగితే జనం వస్తున్నన్ని రోజులు వుండేవారు. ఈ రోజు మాయాబజార్, రేపు లవకుశ, ఎల్లుండి బాలనాగమ్మ, ఆ మరునాడు శ్రీకృష్ణ లీలలు. చూసినవారే మళ్లీ చూసేవారు. చుట్టుపక్కల పల్లెల నుంచి సద్దిమూట కట్టుకుని బండ్లలో వచ్చేవారు. ఈ విలేకరి అవ్వ బతికి వున్నప్పుడు చెప్పేది: "మీ తాత శనక్కాయలు అమ్మొచ్చిన దుడ్లతో పిల్లకాయలందరికీ టిక్కెట్టు తెచ్చినాడు నాయనా. వానల్లేని ఏడు కూడా మేము నాటకం మానుకోలేదు. కడుపు ఎట్లాగూ సగమే నిండె, కండ్లన్నా నిండనీ అనుకుంటిమి." కరువు సీమ మనుషులు నాటకాన్ని ఎందుకు ప్రేమించారో ఈ ఒక్క మాటలో వుంది.

పల్లె నాటకానికి అదే బడి

సురభి నాటకం మన పల్లెలకు వినోదం మాత్రమే ఇచ్చి పోలేదు. వాళ్ల క్యాంపు ఎత్తేసిన తర్వాత కూడా వూళ్లో పద్యం మిగిలేది. మడక దున్నుతూ శ్రీకృష్ణుడి పద్యం తీసేవాడు ఒకడు. చెక్కభజన గురువు ఆ వరుసలు తన భజనలోకి తెచ్చుకునేవాడు. చదువు రానివారు కూడా విని విని భారతం, రామాయణం కంఠతా పట్టారు. ఆ వూపుతోనే నలుగురు రైతులు కలిసి ఒక హార్మోనియం మేష్టరును పిలిపించుకుని, పంట పనులు తగ్గిన నెలల్లో రాత్రిళ్లు నాటకం నేర్చుకునేవారు. డ్రెస్సులు, తెరలు టౌను నుంచి బాడుగకు తెచ్చేవారు. హరిశ్చంద్ర, రామాంజనేయ యుద్ధం, కురుక్షేత్రం ఆడని పెద్ద పల్లె అప్పట్లో అరుదు. పల్లె నాటకగాడికి తెర ఎట్లా కట్టాలో, రంగు ఎట్లా వేయాలో, పద్యం చివర ఎక్కడ ఆపాలో కళ్లారా చూపించిన బడి సురభి డేరా.

ఆ నేర్చుకున్న నాటకంలో వూరి ఐకమత్యం కూడా వుండేది. ఒకే నాటకంలో వేషాలు కట్టిన ఇద్దరు మరునాడు గెట్టు తగాదాకు నిలబడలేకపోయేవారు. కృష్ణుడి వేషగాడు ఏ ఇంటివాడైనా, ఆ రాత్రికి వూరంతా అతణ్ణి "స్వామీ" అనే పిలిచేది. పార్టీలతో, ముఠాలతో చీలిపోయిన పల్లెలకు ఇట్లాంటి రాత్రులు ఎంత అవసరమో రాయలసీమలో పుట్టినవారికి ఎవరూ చెప్పనక్కర లేదు.

తంతి మీద మనిషి ప్రాణం

సురభి అనగానే ట్రిక్కు సీన్లు గుర్తుకు వస్తాయి. నారదుడు మబ్బుల్లో నుంచి దిగుతాడు. ఘటోత్కచుడి నోట్లోకి లడ్లు ఎగిరి వచ్చి పడతాయి. ఒకరు వేసిన అగ్ని బాణాన్ని ఇంకొకరి నీటి బాణం ఆకాశంలోనే ఆర్పుతుంది. సెల్‌ఫోనులో ఇంతకన్నా గొప్ప వింతలు చూస్తున్న పిల్లలకు ఇది ఆనుతుందా అని కొందరు అడుగుతారు.

ఫోనులో చూసేది బొమ్మ. ఇక్కడ చూసేది మనిషి. నారదుడు దిగివచ్చేది సన్నటి తంతి మీద. పైన దూలం దగ్గర చీకట్లో కూర్చుని ఆ తంతి పట్టుకున్నది అతని అన్నో, బావమరిదో అయి వుంటాడు. చెయ్యి జారితే పడేది తమ ఇంటి మనిషే. తప్పు జరిగితే మళ్లీ తీయడానికి అక్కడ కెమెరా లేదు. లడ్డు వెంట్రుక వాసి పక్కకు పోతే జనం నవ్వుతారు. అగ్గి ఒక జానెడు ఎక్కువ లేస్తే తెర అంటుకుంటుంది. ఈ పని పుస్తకంలో రాసి లేదు. తండ్రి చేతి నుంచి కొడుకు చేతికి వచ్చింది. ఒక్క తరం చెయ్యి వదిలితే దాన్ని మళ్లీ పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

శాలువాతో పొయ్యి వెలగదు

గోవిందరావు సంతతి, వారి వియ్యాల కుటుంబాలు పెరిగిన కొద్దీ సురభి సమాజాలు కూడా పెరిగాయి. మంచి రోజుల్లో ముప్పైకి పైగా సమాజాలు తెలుగునాట తిరిగాయి. నేడు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. ఎందుకిట్లా అయింది?

1932లో "భక్త ప్రహ్లాద" టాకీ వచ్చింది. పూర్తిగా తెలుగులో మాట్లాడిన తొలి సినిమా అది. హెచ్.ఎం.రెడ్డి దర్శకుడు. అందులో లీలావతి వేషం కట్టింది సురభి కమలాబాయి. తెలుగు సినిమాకు తొలి కథానాయికను ఇచ్చింది సురభి. ఆ సినిమాయే పెరిగి పెద్దదై సురభి డేరా ముందు జనాన్ని తగ్గించింది. పెంచిన చేతినే కరిచినట్టయింది. ఆ తర్వాత టూరింగు టాకీసులు వచ్చాయి. ఆపైన టీవీ, ఇప్పుడు అరచేతిలో ఫోను. క్యాంపు వేసిన వూళ్లో బియ్యం ఖర్చులు కూడా రాని రోజులు వచ్చాయి. పిల్లల చదువులకు ఒక చోట వుండవలసిన అవసరం కూడా కలిగింది. కుటుంబాలు ఒక్కొక్కటే డేరా దించాయి. హైదరాబాదు లింగంపల్లి దగ్గర సురభి కాలనీ ఏర్పడింది. కొందరు పట్టణాలలో కూలినాలి పనులకు పోయారు.

వాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదన్నది గమనించాలి. 1937లో మొదలైన శ్రీ వెంకటేశ్వర నాట్యమండలి నేటికీ ఆడుతున్నది. 1990 దశకంలో కన్నడ దేశపు పేరుమోసిన నాటక దర్శకుడు బి.వి.కారంత్ వచ్చి వాళ్లతో పనిచేశారు. జర్మనీ రచయిత బ్రెహ్ట్ నాటకాన్ని "బస్తీ దేవత యాదమ్మ"గా మలిచి ఆడించారు. పురాణం తప్ప రాదన్న మాట అబద్ధమని సురభి వారు రుజువు చేశారు. ఆ మండలిని నడిపిన సురభి నాగేశ్వరరావు గారికి 2013లో పద్మశ్రీ వచ్చింది. 2022లో ఆయన కన్నుమూశారు.

పద్మశ్రీ వచ్చినప్పుడు మనం కూడా పొంగిపోయాం. మా జిల్లా వూరి పేరు ఢిల్లీలో వినిపించింది అనుకున్నాం. పేపర్లు రాశాయి. సభలు పెట్టి శాలువాలు కప్పారు. అయితే శాలువాతో పొయ్యి వెలగదు. నాటకగాడికి కావలసింది నాటకం. అంటే బుక్కింగు. ఫలానా తేదీన మా వూరికి రండి, ఇదిగో అడ్వాన్సు అనే పిలుపు. 2020లో కరోనా వచ్చి ఆటలన్నీ ఆగిపోయినప్పుడు ఆ కుటుంబాలు పడిన అవస్థ ఎంతటిదో ఆలోచించండి. సేద్యగాడికి ఒక కారు పోతే ఇంకొక కారు వుంటుంది. రోజూ ఆడితే తప్ప రోజు గడవనివాడికి ఆగిపోయిన రాత్రి మళ్లీ రాదు.

తప్పు మనలోనే వుంది

ఇందులో ప్రభుత్వాన్ని అనవలసింది ఎంతో వుంది. దానికన్నా ముందు మనల్ని మనం అనుకోవలసింది కొంత వుంది. ఈ విలేకరి తమ వూరి తిరునాళ్ల కమిటీలో సభ్యుడు. ఒక ఏడు ఖర్చుల కాగితం రాస్తున్నప్పుడు ఒక పెద్దాయన మెల్లగా, "ఈసారన్నా ఒక నాటకం పెట్టించండబ్బా, మళ్లా తిరునాళ్లకు నేనుంటానో లేదో" అన్నాడు. కుర్రాళ్లు నవ్వారు. "ఎవరు చూస్తారు పెద్దనాయనా, మీ ఈడోళ్లు నలుగురు తప్ప" అన్నారు. ఈ విలేకరి కూడా నోరు మెదపలేదు. కాగితంలో పాట కచేరీయే రాశారు. ఆ రాత్రి పెట్టెల మోతకు పసిపిల్లలు ఉలిక్కిపడి ఏడ్చారు. అర్ధరాత్రి దాటాక ఏ పాట వేయాలన్న దానిమీద రెండు వీధుల కుర్రాళ్లు కలబడ్డారు. పెద్దవాళ్లు పెందలకడే చాపలు చుట్టుకుని ఇళ్లకు పోయారు. ఆ పెద్దాయన మరుసటి తిరునాళ్లకు లేడు. ఆయన అడిగింది పెద్ద కోరిక కాదు. తీర్చగలిగి కూడా మనం తీర్చలేదు.

పాట కచేరీ వద్దని ఎవరూ అనడం లేదు. కుర్రాళ్ల సరదా కుర్రాళ్లకు వుండాలి. తిరునాళ్ల ఒక్క రాత్రిది కాదు కదా. మూడు రాత్రుల తిరునాళ్లలో ఒక్క రాత్రి నాటకానికి ఇస్తే ఎవరి సరదా పోతుంది?

ఖర్చు సంగతి

వెంటనే వచ్చే ప్రశ్న ఖర్చు. సురభి సమాజం అంటే ఇద్దరు ముగ్గురు కాదు. పెద్దలు, పిల్లలు, వాయిద్యగాళ్లు, తెరలవాళ్లు కలిసి ఒక పెళ్లివారంత బలగం. లారీ నిండా సామాను. స్టేజీ కట్టడానికే ఒక పూట పడుతుంది. ఒక చిన్న పల్లె ఒంటిగా ఈ ఖర్చు మోయలేదన్న మాట నిజమే.

ఒంటిగా మోయమని ఎవరు చెప్పారు? బోరు వేయించడానికి పొలాలు పక్కపక్కన వున్న రైతులు కలిసినట్టు, నాటకానికి నాలుగు వూళ్లు కలవవచ్చు. లారీ ఒకసారి జిల్లాలో దిగితే ఒకే దారిలో వున్న వూళ్లలో వరుసగా ఆడించవచ్చు. రానుపోను బాడుగ అందరూ పంచుకుంటే భారం తగ్గుతుంది. మండల కేంద్రంలో హైస్కూలు ఆవరణలో స్టేజీ కడితే చుట్టుపక్కల పల్లెలన్నీ వస్తాయి. పెద్దలకు కొద్దిపాటి టిక్కెట్టు పెట్టినా తప్పు లేదు. మన అవ్వ తాతలు టిక్కెట్టు కొనుక్కునే చూశారు. ఉచితంగా చూసిన దానికన్నా దుడ్లు పెట్టి చూసిన దానికి మర్యాద ఎక్కువ.

తెల్లవార్లూ ఎవరు కూర్చుంటారన్నది ఇంకొక ప్రశ్న. ఇప్పటి సురభి నాటకాలు తెల్లవార్లూ సాగేవి కావు. రెండు మూడు గంటల్లో ముగించేటట్టు కుదించి ఆడుతున్నారు. పొద్దుగూకి సంగటి తిని వచ్చిన రైతు నాటకం చూసి ఇంటికి పోయి, తెల్లారి మళ్లీ నీళ్లు కట్టుకోవచ్చు.

చేయవలసిన పనులు

జిల్లాలో నాటకానికి తగిన సందర్భాలు లేకపోలేదు. సురభి పల్లె వున్న చక్రాయపేట మండలంలోనే పాపాఘ్ని ఒడ్డున గండి వీరాంజనేయస్వామి క్షేత్రం వుంది. శ్రావణ మాసం శనివారాలలో అక్కడికి జనం పోటెత్తుతారు. బ్రహ్మంగారిమఠంలో వైశాఖ మాసంలో ఆరాధన జరుగుతుంది. సురభి వారికి ఎంతో పేరు తెచ్చిన నాటకాలలో వీరబ్రహ్మంగారి చరిత్ర ఒకటి. బ్రహ్మంగారు సమాధి అయిన చోటనే ఆ నాటకం ఆడితే చూసే భక్తుడికి కలిగే అనుభూతి వేరు. దేవుని కడప రథోత్సవం వుంది. ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణం వుంది. ప్రొద్దుటూరు దసరా వుంది. ఈ ఉత్సవాలు జరిపే పెద్దలు, దేవాదాయ శాఖ అధికారులు తలుచుకుంటే, ఒక్కొక్క చోట ఒక్కొక్క రాత్రి చొప్పున ఏడాదిలో కొన్ని రాత్రులు సురభికి సొంత జిల్లాలోనే దొరుకుతాయి.

రెండవది, బడిపిల్లల సంగతి. విహారయాత్ర పేరుతో పిల్లల్ని ఎక్కడెక్కడికో తీసుకుపోతున్నాము. నాటకం ఆడే వూరికి పగటిపూట పిల్లల్ని తీసుకువచ్చి, తెర ఎట్లా లేస్తుంది, తంతి ఎట్లా కడతారు, రంగు ఎట్లా వేస్తారు అన్నది చూపిస్తే అది పుస్తకంలో లేని పాఠం అవుతుంది. రాత్రికి వాళ్లే తల్లిదండ్రుల చెయ్యి పట్టుకుని లాక్కొస్తారు.

మూడవది, సురభి పల్లెలోనే ప్రతి ఏటా ఒక నిర్ణీత దినాన "కీచక వధ" ఆడించాలి. ఏ వూరి పెళ్లిలో మొదలైందో ఆ వూరిలోనే ఏడాదికి ఒకసారి ఆ నాటకం మళ్లీ ఆడితే, దూరంగా వున్న సురభి కుటుంబాలకు అది పుట్టింటి పిలుపు అవుతుంది. మొదటి ఆట నుంచి దాదాపు 140 ఏళ్లు గడిచాయి. ఇంకా ఎంతకాలం ఆలోచిస్తాం?

నాలుగవది, పల్లెల్లో మిగిలిన ఆనవాళ్లు. పాత నాటకాల కరపత్రాలు, ఫోటోలు, చిరిగిన తెరలు, చేతిరాత నాటక పుస్తకాలు, విరిగిన హార్మోనియాలు ఎన్నో ఇళ్ల అటకల మీద చెదలు పడుతున్నాయి. వాటిని పోగు చేసి కడపలో బ్రౌన్ గ్రంథాలయం వంటి చోట భద్రపరచాలి. యోగి వేమన విశ్వవిద్యాలయం విద్యార్థులు పల్లెలు తిరిగి ముసలివారి మాటలు రికార్డు చేయాలి. ఈ తరం పోతే చెప్పేవారు వుండరు.

ఇదంతా అయ్యే పనేనా అని సందేహించేవారికి మన జిల్లాలోనే జవాబు వుంది. బ్రౌన్ దొర నివసించిన చోటు పాడుపడిపోతే, జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు చందాలు పోగుచేసి అక్కడ గ్రంథాలయం నిలబెట్టారు. రూపాయి రూపాయి కూడి రాళ్లయ్యాయి, గోడలయ్యాయి. ఎక్కడో ఇంగ్లండు నుంచి వచ్చిన దొర తెలుగుకు చేసిన సేవను గుర్తు పెట్టుకున్న జిల్లా, తన కడుపున పుట్టిన సురభిని మరిచిపోతే లోకం ఏమంటుంది?

పక్కనున్న శ్రీసత్యసాయి జిల్లాలో నిమ్మలకుంట వారు తోలుబొమ్మలను నిలబెట్టుకున్నారు. ఆ వూరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ కుటుంబాలు సొంత వూరిలోనే వుండి పనిచేసుకుంటున్నాయి. కళాకారుణ్ణి వూరు వదలనీయకుండా చూసుకుంటే కళ కూడా వూరు వదలదు. సురభి విషయంలో మనం ఆ పని చేయలేకపోయాము. కనీసం ఏడాదికి ఒకసారి పిలిచి అన్నం పెట్టి, ఆట చూసి, మర్యాదగా సాగనంపే పనైనా చేద్దాం.

సురభి నాటకశాలకు పునాది లేదని పైన రాశాము. అది పూర్తిగా నిజం కాదు. పల్లె జనం కొనుక్కున్న టిక్కెట్టే దానికి పునాది. ఆ పునాది కదిలింది కనుకనే డేరా కూలింది. దాన్ని మళ్లీ నిలబెట్టడం మంత్రుల చేతుల్లో కన్నా కమిటీల చేతుల్లోనే ఎక్కువగా వుంది.

జిల్లాలోని తిరునాళ్ల కమిటీల పెద్దలకు, యువకులకు ఒకటే మనవి. ఈసారి రచ్చకట్ట మీద కూర్చుని ఖర్చుల కాగితం రాసేటప్పుడు బాణసంచాకు, పాట కచేరీకి మధ్య ఒక్క వరుస ఖాళీ వుంచండి. పక్క వూరి కమిటీని కూడా పిలిచి కూర్చోబెట్టండి. ఆ ఖాళీ వరుసలో "నాటకానికి" అని రాయండి. పక్కన ఎంత వేయాలో ఇద్దరూ కలిసి తేల్చుకోండి.